నాలుగు చుక్కల ఖాళీ

కద్మా, జంషెడ్‌పూర్
18 నవంబరు 2025, మంగళవారం ఉదయం

సూర్యం చిన్నాన్నకి,

కాలేజీకి బయల్దేరడానికి ఇంకా గంట ఉంది. నీకిచ్చిన మాట ప్రకారం కూర్చున్నాను. దసరా సెలవుల్లో నేను విశాఖపట్నం వచ్చినప్పుడు నువ్వు చెవి మిషను తీసి బల్లమీద పెట్టి ఏమన్నావో గుర్తుందా? "దీంతో మాటలు సగం తెలుత్తాయి గానీ పాటొచ్చిందంటే రేకుడబ్బాలో గులకరాళ్ళేనమ్మా. నా బదులు నువ్వు విని రాయి" అన్నావు. రాయడానికి తగ్గదేమీ ఇన్నాళ్ళూ దొరకలేదు. ఇప్పుడు వారం రోజులకి సరిపడా దొరికింది. ఫోటో తీసి నీ మనవరాలు నవ్యకి పంపుతాను, అది నీకు పెద్దక్షరాలు చేసి చూపిస్తుంది.

సోనారిలో ఒక కాఫీ కొట్టు మేడమీద నిన్నటి నుంచి ఆదివారం దాకా రోజూ సాయంత్రం ఆరింటి నుంచి సంగీతం. అంతా ఊళ్ళోవాళ్ళే. మొదటి గంట పిలిచినవాళ్ళు వాయిస్తారు. తర్వాత చాప ఖాళీ చేస్తారు. పేరు రాయించుకున్నవాళ్ళెవరైనా వచ్చి కూర్చోవచ్చు, దాన్నే జామ్ అంటారు. పేర్ల పుస్తకం ఇంద్రాణి దగ్గరుంటుంది. ఆవిడ బెంగాలీ, బడిలో లెక్కల టీచరు, కాబట్టి వరస తప్పనివ్వదు.

నిన్న సంతాలీ అన్నదమ్ములిద్దరు పెద్ద డోలు మొదలుపెట్టారు. పొద్దుటి షిఫ్టు దిగి భోంచేసి వచ్చిన స్టీలు ప్లాంటు మనిషొకాయన జేబులోంచి మౌత్ ఆర్గాన్ తీసి, అడక్కుండానే అందులో దూరాడు. మా పాత స్టూడెంటు అమర్ ఒక చెక్కపెట్టె మీద కూర్చుని ఆ పెట్టెనే రెండు చేతులా వాయించాడు. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు నిన్నే మొదటిసారి చూసుకున్నారట. పది నిమిషాలకి ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో నాకు అర్థం కాలేదు. నేను నిజంగా విన్నానా, లేక నీకేం రాయాలా అని ఆలోచిస్తూ సగం పోగొట్టుకున్నానా అని ఇంటికొచ్చాక అనుమానం వచ్చింది. నాకు రానిదెప్పుడులే.

చిన్నప్పుడు నువ్వు క్వార్టరు వరండాలో సుద్దముక్కతో గీసేవాడివి కదా, నిలువు గీతంటే దెబ్బ, చుక్కంటే ఖాళీ. ఆ లెక్కలోనే డోలు వరస రాశాను. వేలు పెట్టి తట్టుకో.

| • | | • | • |

నీ
కల్యాణి

*

గోపాలపట్నం, విశాఖపట్నం
18-11-25

చిరంజీవి కల్యాణికి,

చిన్నాన్న దీవెనలు. నువ్వు రాసిన గీతలు భోజనాల బల్లమీద తట్టేను. మీ అన్న సురేష్ కంచం ఎగిరింది. ఏటి నాన్నా అన్నాడు. సంతాలీ డోలు అన్నాను. పొద్దున్నే ఈయనకేటయ్యింది అన్నట్టు చూశాడు.

నాకొకటి అర్థం కాలేదు. సాధన లేకుండా నలుగురు కూర్చుని వాయించేత్తే గుద్దుకోరా? నేను ముప్ఫై నాలుగేళ్ళు టాటానగర్ రైలు యార్డులో షంటింగు ఇంజను నడిపేను. కింద ఒకడు జెండా ఊపుతుంటేనే గానీ గజం కదిలీవాళ్ళం కాదు. అక్కడ జెండా ఎవరిది? అది తెలుసుకుని రాయి.

ఇంకోటి. అంతమంది వాయించేరు, నువ్వు పాడేవా? మన వంశానికి గొంతంటూ ఉంటే అది కల్యాణిదే అని మీ దాలమ్మ పిన్ని చివరిదాకా అనీది. కాలేజీలో చేరిన కొత్తలో పాడీదానివి. తర్వాత ఎందుకు మానేసేవో నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు.

అల్లుడు సత్యప్రసాద్‌ని అడిగినట్టు చెప్పు.

సూర్యం చిన్నాన్న

*

కద్మా
19 నవంబరు, బుధవారం

చిన్నాన్నా,

జెండా ఎవరిదని అమర్‌ని అడిగాను. పుట్టుకతో తెలుగువాడే గానీ మనం తెలుగులో అడిగితే హిందీలో చెబుతాడు. "జెండా నహీఁ, ఆంఖ్" అన్నాడు. కళ్ళట. నిన్న గమనించాను, నిజమే. మారబోయే ముందు ఒకరు తలెత్తుతారు, మిగిలినవాళ్ళు చూస్తారు, అంతే.

నీ రెండో ప్రశ్నకి జవాబు చెప్పడానికి సిగ్గుగా ఉంది. పాడాను.

తప్పు అమర్‌ది. "మేడమ్, ఆప్ భీ గాయియే" అని నన్నూ పాడమన్నాడు. నాకు రాదురా అన్నాను. పరీక్ష హాల్లో కాపలా తిరుగుతూ నేను కూనిరాగాలు తీసేదాన్నట, మూడేళ్ళు విన్నాడట, ఎన్ని మార్కులు పోయాయో అతనికే తెలుసట. అందరూ నవ్వారు. ఆ నవ్వులో లేచి చాపమీదికి వెళ్ళిపోయాను. ఇంకో నిమిషం ఆలోచిస్తే వెళ్ళేదాన్ని కాదు.

పిన్ని పాటే పాడాను.

ఏటికాడ ఎవలొత్తన్నారే
ఎండుటాకు సప్పుడాయెనే

మొదటి పాదం తర్వాత పిన్ని ఆగేది కదా, నాలుగు దెబ్బలంత. నాకు ఆ ఖాళీతోనే వచ్చు. నేను ఆగేసరికి అమర్ కూడా చేతులు పైకెత్తి ఆగాడు. "ఎండుటాకు" అని అందుకోగానే సంతాలీ తమ్ముడు "ఓహ్" అన్నాడు. ఆ ఖాళీ ఏమిటని అందరూ అడిగారు. నేను పాఠం చెప్పే గొంతుతో, మా ఉత్తరాంధ్ర పాటల్లో ప్రశ్న వేశాక జవాబు కోసం ఆగడం పాత సంప్రదాయం అన్నాను. చరిత్ర చెప్పేదాన్ని, ఆధారం లేకుండా అంత మాట అనేశాను. ఇంద్రాణి ఆదివారం ముగింపు సభలో నా పేరు రాసేసింది.

పాట వరస నీ లెక్కలో రాస్తున్నాను, సరి చూడు. ఆ సంప్రదాయం మాట నిజమేనా? కాకపోతే ముందే చెప్పు.

ఏటికాడ ఎవలొత్తన్నారే | • | • | • | |
• • • •
ఎండుటాకు సప్పుడాయెనే | • | • | • | |

మీ అల్లుడు మాత్రం వద్దంటున్నారు. అది తర్వాత రాస్తాను, కాలేజీకి టైమైంది.

కల్యాణి

*

గోపాలపట్నం
20-11-25

అమ్మా కల్యాణీ,

ముందు అల్లుడి సంగతి. వద్దనడానికి ఆయనెవరు? నేనన్నానని చెప్పు. పెళ్ళిచూపుల్లో పాట పాడించమని అడిగింది వాళ్ళమ్మ కాదా? ఇప్పుడు వద్దేటి?

ఇప్పుడు పాట. నువ్వు రాసింది మూడుసార్లు తట్టి చూసేను. మధ్యలో ఆ నాలుగు చుక్కలేటి? ఆ పాటకి ఇరవయ్యేళ్ళు డోలక్ వాయించిన సెయ్యి ఇది. శనివారం శనివారం కాలనీ భజనలో మీ పిన్ని పాడీది, నేను వాయించీవాడిని. "ఎవలొత్తన్నారే" అన్న మాట నోట్లో ఉండగానే "ఎండుటాకు" అందుకోవాల. మధ్యలో గాలి కూడా దూరదు. ఆగడం గీగడం లేదు. సంప్రదాయం అంటే నాకు తెల్దు గానీ, నేనైతే ఎక్కడా వినలేదు. నాలుగు దెబ్బలు వదిలేత్తే తాళం ఒంటికాలి మీద నిలబడతాది. ఎవరు నేర్పేరు నీకు ఇలాగ? అన్నీ తెలిసినదానివి, చదువుకున్నదానివి, నలుగురిలో అలాగ పాడడం

*

కద్మా
21 నవంబరు, శుక్రవారం

చిన్నాన్నకి,

నీ ఉత్తరం అందింది. మాట పూర్తి చెయ్యకుండా, సంతకం కూడా పెట్టకుండా వదిలేశావంటే ఎంత కోపం వచ్చిందో తెలుస్తూనే ఉంది. నిన్న సాయంత్రం మేడకి వెళ్ళి ఇంద్రాణితో ఆదివారం నా పేరు తీసెయ్యమన్నాను. ఆవిడ పుస్తకం తెరిచి గీత కొట్టింది. కాసేపు కూర్చుని ఒకమ్మాయి గిటారు విన్నాను. బాగానే వాయించింది. నాకే చెవికెక్కలేదు.

కాలేజీలో ఎందుకు మానేశానని అడిగావు కదా. రాసేస్తాను.

బీయే రెండో ఏడు, పంతొమ్మిదేళ్ళు నాకు. కాలేజీల పాటల పోటీ. ఇదే పాట. మొదటి పాదం పాడి, నాకొచ్చినట్టే ఆగాను. మరిచిపోయాననుకుని హార్మోనియం ఆయన తర్వాతి స్వరాలు నొక్కి అందించాడు. నేను తికమకపడి ఇంకా ఆగిపోయాను. వెనక వరసల్లో చప్పట్లు మొదలయ్యాయి, ఆ చప్పట్లు ఎలాంటివో నీకు తెలుసు. జడ్జి "బైఠ్ జాయియే" అని కూర్చోమన్నారు. ఇంటికొచ్చి మరిచిపోయానని చెప్పాను. చెప్పీ చెప్పీ అదే నిజమని నేనూ నమ్మాను. అది జరిగి ఇరవయ్యేడేళ్ళు, ఇప్పటికీ తరగతిలో కూడా తారీకులు కాగితం చూడకుండా చెప్పను. మొన్న మంగళవారం ఆ ఖాళీలో ఎవరూ నవ్వకపోయేసరికి, మరిచిపోలేదేమో, అది పాటలోనే ఉందేమో అనుకున్నాను. అందుకే నిన్ను అడిగాను. లేదన్నావు. మంచిదే, తెలిసింది.

మీ అల్లుడు పాట వద్దనలేదు. సోనారి దారిలో రోడ్డు తవ్వారు, స్కూటరు మీద వద్దు, నేను దింపుతాను అన్నారు. నీ ఉత్తరం చదివి, "నేనేం చేశాను?" అంటూ పొద్దుట్నుంచి ఇల్లంతా తిరుగుతున్నారు. పెళ్ళిచూపుల మాట కూడా ఆయనకి నచ్చలేదు.

కల్యాణి

*

గోపాలపట్నం
శుక్రవారం

అత్తా, నేను నవ్యని. చంపేస్తావని తెలుసు. తాతయ్య కాగితానికి రెండువైపులా రాస్తారని నాకు గుర్తులేదు. కాలేజీ బస్సొచ్చేసింది, ముందువైపు ఫోటో తీసి పంపేసి పరిగెత్తాను. ఇవాళ నీ ఉత్తరం చదివి తాతయ్య "నేను సంతకం పెట్టకపోవడమేటి?" అని కాగితం తిప్పి చూపించారు. వెనకవైపు ఇదిగో. సారీ సారీ.

...తప్పని నేననను. ఎందుకంటే నాకు తెలిసింది నేను వాయించినప్పుడు మీ పిన్ని పాడిన పాట. నేను డ్యూటీలో ఉండగా ఇంట్లో ఏటి పాడీదో, ఎలాగ పాడీదో నాకేం తెలుసు? నువ్వు నేర్చుకున్నది భజనలో కాదు, మా వంటింటి గడపలో. అక్కడ విన్నవాళ్ళని అడుగు. మన ఎదురు క్వార్టరు చిన్నమ్మి ఇంకా టాటానగర్‌లోనే కొడుకు దగ్గరుంది. ఎనభై దాటినా మతిమరుపు లేదు, నేను 1986లో పట్టుకెళ్ళిన రోలు పొత్రం మొన్న కూడా అడిగించింది. ఎల్లి అడుగు. తొందరపడి పేరు మాత్రం తీయించుకోకు.

సూర్యం చిన్నాన్న

ఇదివరకటిది పైన. ఇది ఇవాళ రాత్తన్నాను. ఆ పోటీ సంగతి నాకు తెల్దమ్మా. ఆరోజు నేను డ్యూటీలో ఉన్నాను. తెలిస్తే ఆ హార్మోనియం వాడితో ఒక మాట మాట్లాడీవాడిని. అల్లుడికి నా క్షమాపణ. రోడ్డు సంగతి నువ్వు ముందే రాయాల.

*

కద్మా
22 నవంబరు, శనివారం మధ్యాహ్నం

చిన్నాన్నా,

పొద్దున్న టాటానగర్ వెళ్ళొచ్చాం. మీ అల్లుడే స్కూటరు నడిపారు, క్షమాపణ వచ్చాక మనిషి హుషారుగా ఉన్నారు.

చిన్నమ్మి అత్త వాకిట్లో చిక్కుళ్ళు ఒలుచుకుంటోంది. నన్ను చూసి, "ఏటే, జుట్టు తెల్లబడిపోనాది, లెక్చరర్లకి రంగు దొరకదేటి?" అంది. కూర్చోబెట్టి నాక్కూడా నాలుగు చిక్కుళ్ళు చేతికిచ్చింది. పాట సంగతి అడిగాను, ఖాళీతో సహా పాడి వినిపించాను. చెయ్యి ఆపి నావైపు అదోలా చూసింది.

"అదా? అది మీ సిన్నాన్న బండి కూత కోసమే పిల్లా" అంది.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. నీకు డ్యూటీ ఉన్న సాయంత్రాల్లో ఆరున్నరకి నీ ఇంజను మన క్వార్టర్ల వెనక నుంచి యార్డు వైపు వెళ్ళేదట. ఆ వేళకి పిన్ని మన రెండిళ్ళ పిల్లల్నీ గడపలో కూర్చోబెట్టి అన్నం కలిపేది. "మీరు తిండి దగ్గర రాక్షసులు గదా. అందుకని అది పాటెత్తీది. 'ఏటికాడ ఎవలొత్తన్నారే' అని ముద్ద గాల్లో ఎత్తి ఆపీసీది. మీరందరూ నోళ్ళు తెరుచుకుని సూసీవోళ్ళు. అటు సూర్యం కూత పడీది. ఇటు ముద్ద నోట్లో పడీది. అప్పుడు ఎండుటాకు."

నువ్వు సెలవు పెట్టిన రోజు ఏం చేసేదని అడిగాను. "అలాగే ఆగీది. కూత లేకపోయినా అంతసేపూ ఆగీది. మేం నవ్వీవోళ్ళం. నువ్వు నాలుగేళ్ళదానివి, పాటకి అదే లెక్కనుకున్నావు" అంది.

మరి ఈ సంగతి చిన్నాన్నకి పిన్ని ఎందుకు చెప్పలేదు అన్నాను. చిన్నమ్మి అత్త ఇంత పొడుగు నవ్వింది. "సెప్తే ఇంకేటన్నా ఉందా? మర్నాటి నుంచి ఊరు లేచిపోయీలాగ కూత ఏసీవాడు. మొగుళ్ళకి అన్నీ సెప్పకూడదే అనీది దాలమ్మ."

నీకు రాయాలా వద్దా అని దారంతా ఆలోచించాను. పిన్ని దాచుకున్న దాన్ని నేను బయటపెట్టొచ్చా అని ఒకటి, నీకు బాధవుతుందేమో అని ఒకటి. కానీ ఇది నీ సంగతి, నీ దగ్గర దాచడం నా వల్ల కాదు.

నాకు మాత్రం ఒకటి తేలింది. ఆరోజు పోటీలో నేను మరిచిపోలేదు చిన్నాన్నా. నీ ఇంజను కోసం ఆగాను.

ఇంద్రాణికి ఫోన్ చేశాను. "పెన్సిలుతోనే కొట్టేశాను, రబ్బరు నా దగ్గరే ఉంది" అంది. అయినా నీ మాట కావాలి. నువ్వు వాయించినట్టు ఆగకుండా పాడనా, పిన్ని ఆగినట్టు ఆగి పాడనా? రేపు సాయంత్రం లోపల చెప్పు. కాగితానికి ఒకవైపే రాయి.

కల్యాణి

*

గోపాలపట్నం
23-11-25, ఆదివారం పొద్దున్న

కల్యాణీ,

మన క్వార్టర్ల వెనక మలుపులో కూత బోర్డు ఒకటి ఉండీది. అక్కడ ఒక కూత వెయ్యాలని రూలు. రూలు ప్రకారమే ఏసీవాడిని. మన ఇంటి వెనక్కి వచ్చేసరికి కొంచెం పొడుగు లాగీవాడిని, అంతే. ఒక్కనాడైనా ఇంటికెళ్ళేక "ఇవాళ నీ కూత వినబడింది" అని మీ పిన్ని అనలేదు. పొయ్యి గొడవలో వినబడదు కాబోలు అనుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళూ అలాగే అనుకున్నాను.

ఇంకేటీ రాయలేను ఇప్పుడు. ఆగే పాడు. నాలుగూ ఉంచు. భయపడి మూడు చెయ్యకు.

చిన్నాన్న

*

కద్మా
24 నవంబరు, సోమవారం

చిన్నాన్నా,

మూడు చెయ్యలేదు.

నిన్న మేడమీద నిలబడ్డానికి కూడా చోటులేదు. మీ అల్లుడు చిన్నమ్మి అత్తని ఆటోలో తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆవిడ కాఫీ కొట్టువాడి చేత ఉల్లిపాయ పకోడీ వేయించుకుని, ఇందులో వాము లేదని వాడికి హిందీలో పాఠం చెప్పింది. ప్లాంటు మౌత్ ఆర్గాన్ ఆయన, సంతాలీ అన్నదమ్ములు, అమర్ పెట్టె, ఇంద్రాణి తంబురా. వారం కింద ఒకరికొకరు తెలియనివాళ్ళు, నిన్న ఒకరి నీళ్ళ సీసాలో ఒకరు తాగుతున్నారు.

పాడేముందు నిజం ఒప్పేసుకున్నాను. మంగళవారం నేను చెప్పిన సంప్రదాయం నేను అల్లింది, ఈ ఖాళీ మా పిన్ని మా చిన్నాన్న ఇంజను కూత కోసం పెట్టుకున్నది అని చెప్పాను. అమర్ తలెత్తి నావైపు చూశాడు. నేను చూశాను. మొదలుపెట్టాం.

"ఎవలొత్తన్నారే" అన్నాక అమర్ రెండు చేతులూ గాల్లోకి లేచాయి. డోళ్ళు ఆగిపోయాయి. ఒకటి, రెండు. మామూలుగా అయితే రెండు దగ్గరే నాకు అనుమానం రావాలి. రాలేదు, ఎందుకంటే అప్పుడు చిన్నమ్మి అత్త కనబడింది. పకోడీ ముక్క చేతిలో పట్టుకుని, నోటికి జానెడు దూరంలో ఆపి, నావైపే చూస్తోంది. మూడు, నాలుగు. నేను "ఎండుటాకు" అనగానే నోట్లో వేసుకుంది.

రెండోసారి ఆ చోటు వచ్చేసరికి మేడంతా ఆగింది. ఎవరి చేతిలో ఏది ఉంటే అది గాల్లో ఆపేశారు. కప్పులు, ఫోన్లు. నవ్వారు కూడా. నేనూ నవ్వుతూనే పాడాను. నిజంగా అంత బాగా పాడానా, లేక కథ చెప్పాను కాబట్టి మెచ్చుకున్నారా అని మాత్రం ఇంకా అనుకుంటూనే ఉన్నాను. అది పోయే గుణం కాదులే.

మీ అల్లుడు తీసిన వీడియో నవ్యకి పంపుతున్నాను. నీకు వినబడదని తెలుసు. నా మొహం ఎంత కంగారుగా ఉందో చూసి నవ్వుకో.

నీ
కల్యాణి

*

గోపాలపట్నం
25-11-25

బంగారుతల్లి కల్యాణికి,

చిన్నాన్న దీవెనలు. ఒకవైపే రాత్తన్నాను.

నవ్య వీడియో పెట్టింది. చెవి మిషను తీసి పక్కన పెట్టేను, గులకరాళ్ళ చప్పుడు నాకెందుకు? ఫోను దగ్గరగా పట్టుకుని నీ నోరే చూశాను. ఆ కుర్రాడి చేతులు చూసి బల్లమీద తట్టుకుంటూ వచ్చేను. తాళం ఎక్కడా తప్పలేదు. "ఎవలొత్తన్నారే" అన్నావు, పెదాలు మూసేవు. వాడి చేతులు పైకి లేచాయి.

నేను కూత వేసేను.

ఏసీయాలని అనుకోలేదు. గొంతులోంచి దానికదే వచ్చింది, యార్డుకి సరిపోయీంత. నాకైతే వినబడలేదు, ఛాతీలో తెలిసింది. సురేష్ మొహం నిండా సబ్బు నురగతో బాత్‌రూమ్ లోంచి పరిగెత్తుకొచ్చేడు. కింద వాచ్‌మన్ గేటు తెరిచేసేడట, ఏ బండి అనుకున్నాడో తెల్దు. నవ్య నవ్వి నవ్వి మంచంమీద పడిపోయి, మళ్ళీ మొదట్నుంచి పెట్టింది. మళ్ళీ వేసేను. నువ్వు నాలుగూ ఆగేవు, చాలినంత చోటిచ్చేవు. నేను వేసి ముగించేక అప్పుడు అందుకున్నావు. బాగా పాడేవో లేదో అని నువ్వే తేల్చుకోకు. నాకు కూత వెయ్యడానికి సరిగ్గా సరిపోయింది. ఆ పాటకి అదే కొలత.

నువ్వు పంపిన వరస ఇక్కడ మళ్ళీ రాత్తన్నాను. ఒక దిద్దుబాటు చేసేను. చుక్కలు చెరపలేదు, వాటి మీద నా కూతకి అడ్డంగా ఒక గీత పెట్టేను. ఇకమీద ఎవరికి నేర్పినా ఇలాగే రాసివ్వు.

ఏటికాడ ఎవలొత్తన్నారే
__________
• • • •
ఎండుటాకు సప్పుడాయెనే

సూర్యం చిన్నాన్న